బ్లూ మ్యూల్ భక్తుడి స్టాప్‌వాచ్

మా పక్కింటి చక్రపాణి గారు లోకంలో దేన్నయినా స్టాప్‌వాచ్ నొక్కి కొలుస్తారు. కొలిచి ఊరుకోరు. జేబులోంచి చిన్న కార్డు తీసి, మీ పేరూ మీకు పట్టిన టైమూ రాసి, కింద 'పర్సనల్ బెస్ట్' అని గీత గీసి మరీ మీ చేతిలో పెడతారు. దాన్ని స్లిప్ అంటారు. అమెరికాలోని మా చాండ్లర్ ఊళ్లో ఆయన్ని ఎరిగిన తెలుగువాళ్ల ఫ్రిజ్ తలుపుల మీద పిల్లల ఫోటోలు తక్కువ, ఈ స్లిప్పులు ఎక్కువ.

దీనికంతటికీ మూలం డ్రాగ్ రేసింగ్. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. స్తంభం మీద పసుపు లైట్లు వరసగా మూడు వెలుగుతాయి. పచ్చది వెలగ్గానే రెండూ పావు మైలు పరిగెడతాయి. మనం చెప్పులు వెతుక్కునేలోగా రేసు అయిపోతుంది. తర్వాత డ్రైవర్‌కి టైము రాసిన స్లిప్ ఇస్తారు. పంతొమ్మిది వందల డెబ్బైలో తెనాలి నుంచి చదువుకోడానికొచ్చిన చక్రపాణి గారిని రూమ్మేట్ ఓ ఆదివారం ఆ రేసుకి లాక్కుపోయాడు. అక్కడ కార్వర్ అన్నదమ్ముల జట్టూ, వాళ్ల 'బ్లూ మ్యూల్' అనే నీలం కారూ ఆయన కంటబడ్డాయి. ఆ రోజు ఆ కారు చిత్తుగా ఓడిపోయింది. అప్పట్నుంచీ ఆయన దాని భక్తుడు.

డెబ్బై తొమ్మిదిలో జట్టు మూతపడింది గానీ భక్తి మూతపడలేదు. అప్పట్లో కొన్న మీడియం సైజు టీషర్టు ఇప్పటికీ వేస్తారు. దాని మీద కారు బొమ్మ బాగానే కనబడుతుంది, దాని కింద ఆయన బొజ్జ ఇంకా బాగా కనబడుతుంది. ఏ ఏడు ఏ ఆదివారం బ్లూ మ్యూల్ ఎన్ని సెకన్లకి పరిగెత్తిందో అడగండి, సెకనులో వెయ్యో వంతు దాకా చెబుతారు. మనవరాలి పుట్టినరోజు మాత్రం వాళ్లావిడ సరోజ ఆంటీని అడిగి చెబుతారు.

"పూజ గదిలో ఆ కారు ఫోటో పెడతానన్నారు శశీ. చస్తే కుదరదన్నాను" అన్నారు ఆంటీ ఓసారి. "గోడకి అవతల పక్క పెట్టుకున్నారు. హారతి ఇస్తుంటే, కొంచెం అటు కూడా చూపించు సరోజా అంటారు."

"మీకు కూడా స్లిప్పులు ఇస్తారా ఆంటీ?"

"ఇవ్వకేం! పెళ్లయి నలభై ఎనిమిదేళ్లు. నా దోసె ఏటేటా ఫాస్ట్ అయిపోతోందిట. ఈ లెక్కన వచ్చే ఏడు నేను పిండి రుబ్బకముందే దోసె వచ్చేస్తుంది."

అప్పుడు పగలబడి నవ్వాను. అందులో ఆలోచించాల్సిన విషయం ఒకటుందని నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఇక నా ఘనకార్యాలు చెప్పాలి. పేరు శశికాంత్, వయసు ముప్ఫై నాలుగు, సాఫ్ట్‌వేర్. పన్నెండేళ్లు న్యూయార్క్ సబ్‌వేల్లో నిద్రపోతూ బతికినవాణ్ణి. ఉద్యోగం మారి చాండ్లర్ వచ్చేసరికి పాల ప్యాకెట్‌కి కూడా కారే దిక్కు. కారుంది, లైసెన్స్ లేదు. మా ఆవిడ పూజిత నన్ను ఆఫీసు దగ్గర దింపుతుంటే మా మేనేజర్ చూసి, "డే కేర్ బాగుందా?" అని అడిగాడు.

మొదటి టెస్టులో ఎగ్జామినర్ ఎడమకి తిరగమంది. ఊళ్లో మా నాన్న కారులో ఇండికేటర్ కుడిచేతి వైపు ఉండేది. అలవాటుగా అదే నొక్కాను. ఇక్కడ అది వైపర్. చుక్క వానలేని ఆ ఎండలో వైపర్లు గరగరమంటుంటే ఠీవిగా ఎడమకి తిరిగాను. ఫెయిల్. రెండో టెస్టులో పచ్చ లైటు వెలిగింది. ముందు అటు చూశాను, ఇటు చూశాను, అద్దంలో చూశాను, ఇష్టదైవాన్ని తలుచుకున్నాను. ఈలోగా వెనక ఆరు కార్లు హారన్ కొట్టాయి. మళ్లీ ఫెయిల్.

అప్పటికి పూజితకి ఏడో నెల. వరంగల్ పిల్ల, మాట నేరుగా ఉంటుంది. "ఏంది శశీ, నొప్పులొస్తే నన్ను నేనే డ్రైవ్ చేసుకుంట పోవాల్నా? నువ్వు పక్క సీట్ల కూసొని దారి చెప్తవా?" అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్లలో భయం ఉంది. నాకు సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువ భయమేసింది.

ఆ మాట గోడ దాటి వెళ్లినట్టుంది. మర్నాడు పొద్దున్నే చక్రపాణి గారు టీషర్టు తొడుక్కుని మా వాకిట్లో ప్రత్యక్షమయ్యారు. "తియ్యవోయ్ బండి!"

ప్రతి సిగ్నల్ దగ్గరా ఒకటే తంతు. ఎర్ర లైటు దగ్గర ఆగగానే ఆయన "పసుపూ... పసుపూ... పసుపూ..." అని రాగం తీసేవారు. లైటు మారగానే "పచ్చ!" అని అరిచేవారు. ఆ అరుపుకి నేను అదిరిపడి, తేరుకుని, బండి కదిలించేసరికి వెనక హారన్ల కచేరీ. ఆయన టిక్కున వాచీ నొక్కేవారు.

"ఎంత అంకుల్?"

"నాలుగు పాయింట్ రెండు! నిన్న నాలుగున్నర. శభాష్!"

"వెనకాయన తిడుతున్నాడు కదా?"

"తిట్టడం కాదోయ్, అభిమాని! మా బ్లూ మ్యూల్‌కి కూడా ఇలాగే అరిచేవాళ్లు."

నెలన్నరలో నాలుగు పాయింట్ రెండు కాస్తా ఒకటి పాయింట్ ఒకటికి దిగింది. హారన్లు ఆగలేదు. అయినా నంబరు నంబరే కదా! నేను గీత పెట్టి గ్రాఫ్ వేశాను. ఆఫీసులో చూపించాను కూడా. గ్రాఫ్ ఇచ్చిన ధైర్యంతో మూడో టెస్టులో సరైన లివర్ నొక్కి, బొటాబొటి మార్కులతో పాసయ్యాను.

వారం తిరక్కుండానే, ఓ మధ్యాహ్నం పూజిత సోఫా అంచు పట్టుకుని, "శశీ, షురూ అయినయ్" అంది. నొప్పికీ నొప్పికీ మధ్య ఐదు నిమిషాలుంటే వెంటనే రమ్మని డాక్టర్ చెప్పింది. టైము కొలవాలి! నేను చెప్పులు కూడా లేకుండా పక్కింటికి పరిగెత్తాను. చక్రపాణి గారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూచునున్నారు. ముందురోజే కంటి ఆపరేషన్ అయింది, ఆయన డ్రైవ్ చేసే ప్రశ్నే లేదు. ఆంటీ ఫీనిక్స్‌లో కూతురింటికి వెళ్లారు.

"అంకుల్, స్టాప్‌వాచ్ ఇవ్వండి! నొప్పులు లెక్కపెట్టాలి!"

ఆయన నావంక చూశారు. వాచీవంక చూశారు. గొంతు సవరించుకున్నారు.

"అది నడవదోయ్."

"ఆఁ?"

"కార్వర్ వాళ్లు షెడ్డు ఖాళీ చేస్తూ నాకిచ్చారు. అప్పటికే నడవదు. నువ్వు ఫోన్‌లో చూసుకో."

"మరి నా ఒకటి పాయింట్ ఒకటి?"

"అది నేనే వేశాను."

"అసలు ఎంత పట్టేది?"

"నాకేం తెలుసూ! చాలాసేపు పట్టేది. రెండుసార్లు లైటు మళ్లీ ఎర్రబడింది."

ఫోన్‌లో చూస్తే ఐదు నిమిషాలు కాదు, నాలుగు. పూజితని వెనక సీట్లో కూచోబెట్టాను. అడక్కుండానే చక్రపాణి గారు నా పక్కన ఎక్కారు. స్టీరింగ్ పట్టుకున్నాను. "గ్రాఫ్ అంతా అబద్ధమా అంకుల్?" అన్నాను, దాదాపు ఏడుపు గొంతుతో.

"మీ ఇద్దరి పంచాయితీ తర్వాత పెట్టుకోండ్రి!" అని వెనకనుంచి కేక. "ముందుగాల బండి తియ్!"

తీశాను. ఆసుపత్రి ముందరి పెద్ద సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. నల్లకళ్లద్దాల్లోంచి ఆయనకి ఏం కనబడిందో గానీ, "పసుపూ... పసుపూ... పసుపూ..." అని మొదలెట్టారు. ఈసారి అరవలేదు, మెల్లగా అన్నారు. పచ్చ వెలిగింది. బండి కదిలింది. వెనక ఒక్కరంటే ఒక్కరు హారన్ కొట్టలేదు.

ఆసుపత్రిలో నన్ను కాసేపు బయట ఉండమన్నారు. చక్రపాణి గారు పక్క కుర్చీ చూపించారు.

"మొదటి రోజు నేను కంచె పక్కన నిలబడ్డానోయ్. మైకులో బ్లూ మ్యూల్ టైము చెప్పారు, మరీ అన్యాయంగా ఉంది. హెల్మెట్‌లో ఉన్న తమ్ముడికి అది వినబడలేదు. అన్న స్లిప్ తెచ్చాడు. చూసి, సెకనులో ఓ రెండు పదో వంతులు తగ్గించి చదివి, జేబులో కుక్కేసుకున్నాడు. తమ్ముడి మొహం వెలిగిపోయింది. 'వచ్చే ఆదివారం చూడన్నా!' అన్నాడు. ఆ అబద్ధం అన్నకి తెలుసు, కంచె పక్కనున్న నాకు తెలుసు."

"అంటే ఆంటీ దోసెలు..."

"నోర్ముయ్. ఆవిడకి చెప్పావంటే నాకు దోసెలుండవు."

నాకు నవ్వొచ్చింది. అప్పుడే నర్సు వచ్చి నన్ను లోపలికి పిలిచింది.

సాయంత్రానికి మాకు ఆడపిల్ల పుట్టింది. పూజిత క్షేమం. చక్రపాణి గారు తలుపు దగ్గర నుంచే తొంగిచూసి, నా చేతిలో స్లిప్ పెట్టారు. డ్రైవర్: శశికాంత్. రియాక్షన్ టైమ్: సున్నా పాయింట్ నాలుగు. పర్సనల్ బెస్ట్. అది పచ్చి అబద్ధమని నాకు తెలుసు. పర్సులో లైసెన్స్‌కి ముందు దాన్నే పెట్టుకున్నాను.

ఇప్పుడు పాపకి ఎనిమిది నెలలు. నిన్న మా హాల్లో ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దాకా పాకింది. మధ్యలో ఆగి, చెప్పు ఒకటి పరిశీలించి, కాసేపు కూచుని, మళ్లీ బయల్దేరింది. చక్రపాణి గారు టిక్కున వాచీ నొక్కారు.

"ఎంత అంకుల్?" అన్నాను భక్తిగా.

"మొన్నటికంటే మూడు సెకన్లు తగ్గింది!"

సరోజ ఆంటీ నావంక చూసి కన్నుకొట్టారు. ఆ వాచీ సంగతి ఆవిడకి ఎప్పట్నుంచో తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. పాప మాత్రం ఆయన చేతిలోంచి స్లిప్ లాక్కుని, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా నోట్లో పెట్టుకుని నమిలేసింది.