ఎవరూ లేనివాళ్ళకి సాక్షి

మా అక్క పోయి ఏడాదిన్నర అయింది. తను ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి మూడో అంతస్తు చివర ఒకే గదిలో పనిచేసింది. రోగుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు నైతిక కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీకి గుమాస్తా, బంట్రోతు అన్నీ తనే. డాక్టర్లు వెనకాల ‘స్పీడ్ బ్రేకర్’ అనేవారు.

“బ్రేకర్ వేసేది బడి ముందే కదరా” అని నవ్వేది.

తనది ఒంటరి కాపురం. ఆదివారం నాకు ఫోన్ చేసి, కుశలాలయ్యాక ఏం మాట్లాడాలో తోచక ఫైళ్ళ కబుర్లు చెప్పేది.

రోగి సంతకం పెట్టాల్సిన ఒప్పుదల పత్రం ఏది వచ్చినా, నేల తుడిచే ఆయాని కూర్చోబెట్టి పైకి చదివేది. ఆయా ఊఁ కొట్టడం మానేసినచోట పెన్సిల్ గీత పెట్టి ఫైలు వెనక్కి పంపేది. ఏ నిబంధనలోనూ లేని పద్ధతి అది.

ఒకసారి ఒక డాక్టరమ్మ, చూడ్డానికి ఎవరూ రాని రోగులతో మాట్లాడి వాళ్ళ మనసులో ఏముందో రాస్తానని దరఖాస్తు పెట్టింది. నాలుగు ప్రతులు, పదకొండు జతపత్రాలు. ఆయా చివరి పేజీ దాకా విని ఆగింది.

“ఇదేం చోద్యం మేడమ్‌గారూ! ఎవరూ లేనోళ్ళని పట్టుకుని మీ చుట్టాల చేత సాక్షి సంతకం పెట్టించమంటే ఎక్కణ్ణించి తెస్తారు?”

వేరే పరిశోధన తాలూకు పాత పత్రాన్ని చూసి ఉన్నదున్నట్టు దించేశారు. డాక్టరమ్మకీ, ఆమె ప్రొఫెసరుకీ ఆ లైను కంటపడనే లేదు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. “కింద వార్డులో ఒక టైలర్ తాత ఉన్నారండీ. ‘ఎప్పుడడుగుతావమ్మా?’ అని రోజూ అడుగుతున్నారు. ఎన్నాళ్ళో ఉండరు. ఆ ఒక్క లైనూ కొట్టేయండి, మీకు పుణ్యముంటుంది.”

“కొట్టేసే అధికారమే ఉంటే నాకీ గదెందుకమ్మా?”

మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. కూర్చోవాలంటే ఆసుపత్రికి సంబంధంలేని బయటి సభ్యుడు ఒకరుండాలి. ఆ రిటైర్డు మాస్టారు కాలు విరిగి మంచంలో ఉన్నారు. రెండు సమావేశాలు వాయిదా పడ్డాయి. మూడోసారి అక్కే టాక్సీ వేసుకుని ఆయనింటికి వెళ్ళింది.

“మాస్టారూ, మీ కాలుతో మాకు పనిలేదు. చెయ్యెత్తితే చాలు.”

చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. పత్రంలో ‘బంధువు’ పోయి ‘ఎవరైనా సాక్షి’ వచ్చింది. మొత్తం డెబ్బై ఒక్క రోజులు. తాత ఇంకా ఉన్నాడు. ఆయాయే సాక్షి సంతకం పెట్టింది.

“మాట్లాడాడా?” అని అక్క డాక్టరమ్మని అడిగింది.

“రెండు మధ్యాహ్నాలు మాట్లాడారండీ. ఏం చెప్పారంటే…”

“వద్దు, చెప్పకు. గోప్యంగా ఉంచాలన్న షరతు టైపు చేసిందే నేను.”

అనుమతిచ్చే ఆఫీసు మనిషి రోగిని ముందే కలవకూడదని అన్నాళ్ళూ తను ఆ వార్డు గడప తొక్కలేదు. తాత మాట్లాడటం అయిపోయిందని తెలిశాక, ఆ శనివారం మొదటిసారి దిగింది. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మార్చేశారు.

“మీరు ఆయనకేమవుతారండీ?” అని నర్సు అడిగిందట.

“ఏమీ కాను.”

“మంచిపిల్లరా, కుర్చీ వేసింది. కాసేపు కూర్చుని వచ్చాను” అంది అక్క ఫోన్లో.

ఖాళీ మంచం పక్కన కూర్చుని ఏం చేశావని అడగాల్సింది. నేను, “సరే అక్కా, మళ్ళీ ఆదివారం మాట్లాడదాం” అన్నాను.