మా మేనత్త తినని బెల్లం

మొన్న కొత్తగూడెంలో బ్యాంకుకు వెళ్లాను. పెన్షన్ తీసుకునేవాళ్లం ఏటా ఒకసారి వెళ్లి, ఇంకా బతికే ఉన్నామని కాగితం ఇచ్చి రావాలి. మనిషి ఎదురుగా నిలబడి దగ్గుతున్నా సరే, కాగితం లేకపోతే బతికినట్టు కాదు. వరసలో నా ముందున్న నడివయసు మనిషిది కారేపల్లి వైపు ఊరట. ఫోన్లో ఎవరికో సంతోషంగా చెబుతున్నాడు. "మా ఊర్ల సర్పంచి ఏకగ్రీవమైండు. ఓటేసే లొల్లి తప్పింది." పంచాయతీ ఎన్నికల రోజులు కదా, ఎక్కడ చూసినా ఇదే మాట. నాకు నవ్వొచ్చింది. ఆ లొల్లి కోసమే పోయిన ఎన్నికల్లో మా తండా మొత్తాన్నీ ఎదిరించిన మా మేనత్త గుర్తొచ్చి, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఆమె మా నాన్నకు అక్క. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చి, ములకలపల్లి దారిలో అడవిని ఆనుకుని ఉన్న మా తండాలోనే ఉండిపోయింది. పిల్లలు లేరు. ఆ లోటు తీర్చుకోవడానికి నన్ను ఎంచుకుంది. వానాకాలం వాగు పొంగితే నన్ను భుజాల మీద ఎక్కించుకుని అవతలి ఒడ్డున ఉన్న బడికి దాటించేది. నేను తడిస్తే పట్టించుకునేది కాదు గానీ నా పుస్తకాల సంచి తడిస్తే ఊరుకునేది కాదు. తనకు అక్షరం ముక్క రాదు. అందుకే కాగితమంటే ఆమెకు ఎక్కడలేని అనుమానం. రేషన్ కార్డు, బస్సు టికెట్టు, దవాఖానాలో ఇచ్చిన మాత్రల అట్ట, ఎవరో పారేసిన శుభలేఖ, ఏది చేతికి దొరికినా "చదువు" అనేది. ముక్కూ మొహం తెలియనివాళ్ల పెళ్లి ముహూర్తాలు కూడా మా ఇంట్లో అందరికీ తెలిసేవి. మధ్యలో ఒక్క మాట మింగినా పట్టేసేది. ఎట్లా పట్టేదో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత నేను పంతులునై ముప్పై ఏళ్లకు పైగా పిల్లలచేత పాఠాలు చదివించాను గానీ, అంత శ్రద్ధగా వినేవాళ్లు మళ్లీ దొరకలేదు. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా తండా భాష. దానికి రాత లేదు కనుక ఆమె మాటల్ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. పదిమందిలో అయితే ఆమె మాట్లాడేదీ తెలుగే, అడవి అంచున అందరూ మాట్లాడే తెలుగు.

మా తండా చాలా కాలం పక్కనున్న పెద్ద ఊరి పంచాయతీ కింద ఉండేది. అక్కడ సర్పంచి ఎవరన్నది ఆ ఊరి పెద్దరైతుల అరుగుల మీద తేలిపోయేది. ఫలానా ఆయన సర్పంచి అయ్యాడన్న కబురు మాత్రం మా దాకా వచ్చేది. ఎమ్మెల్యే ఎన్నికలకు ఓటు వేసేవాళ్లం. ఏ గుర్తుకు వేయాలో మా తండా నాయకుడు మగవాళ్లకు చెబితే, మగవాళ్లు దారిలో ఆడవాళ్లకు చెప్పేవాళ్లు. అత్తకు ఇది మింగుడుపడేది కాదు. ఎక్కడో హైదరాబాదులో ఉండే మనిషికి ఓటేయమని జీపెక్కించి తీసుకుపోతారు, బోరు చెడిపోతే పొద్దున్నే మొహం చూడాల్సిన సర్పంచికి మాత్రం అక్కర్లేదంటారు, ఇదెక్కడి పద్ధతి అని సణిగేది. చచ్చేలోగా ఒక్కసారైనా సర్పంచికి ఓటు వేయాలన్నది ఆమె కోరిక. తీర్థయాత్రల కోరికలున్న ముసలివాళ్లను చూశాను గానీ ఇట్లాంటి కోరిక ఇంకెవరి దగ్గరా వినలేదు.

తండాలన్నీ పంచాయతీలైనప్పుడు మాదీ అయింది. రిజర్వేషన్‌లో సర్పంచి పదవి మా తెగ ఆడవాళ్లకు వచ్చింది. అత్త ఆనందం అంతా ఇంతా కాదు. కానీ ఎన్నికలు వస్తున్నాయనగానే తండా నాయకుడు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. ఆయనది ఒక పార్టీ. మా అన్నది ఇంకో పార్టీ, దానికి తండాలో అధ్యక్షుడు. ఎప్పుడూ పాముకూ ముంగిసకూ పొసగనట్టుండే ఇద్దరూ ఆ రోజు ఒకే మంచం మీద కూర్చున్నారు. నాయకుడి చిన్న కోడలు సర్పంచి, మా అన్న ఉపసర్పంచి. పోటీ లేకుండా చేస్తే తండాకు రోడ్డు వేయిస్తామని రెండు పార్టీల మండల నాయకులూ మాటిచ్చారట. గంటలో అంతా తేలిపోయింది. మాలో ఒక ఆచారం ఉంది. పెళ్లి మాట ఖాయమైతే అందరూ తలా ఒక బెల్లంముక్క తింటారు. తిన్నాక మాట మారడానికి లేదు. పెద్ద నిర్ణయాలకూ అదే పద్ధతి. ఆడవాళ్లను ఆ కూటానికి పిలవలేదు గానీ బెల్లం మాత్రం ఇంటింటికీ పంపారు.

నాలుగో రోజున అత్త పక్కింటి వితంతువును వెంటబెట్టుకుని ఆటోలో వెళ్లి నామినేషన్ వేసి వచ్చింది. ఆ వితంతువే బలపరుస్తూ సంతకం పెట్టింది. ఎనభై ఏళ్ల మనిషి సర్పంచి పదవికి ఆశపడిందని తండా అంతా ముక్కున వేలేసుకుంది. అన్న నాకు ఫోన్ చేసి, ముసలిదానికి మతిపోయింది, జల్దీ రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి నాయకుడి ఇంటిముందు జనం గుమిగూడి ఉన్నారు. అత్త వాళ్ల నడుమ నిలబడి ఉంది. ఎదురు చెప్పిన ఆడమనిషిని అట్లా నిలబెట్టడం మా తండాలో అదే మొదటిసారి. నాయకుడు చెడ్డవాడేమీ కాదు. నిజంగానే బాధపడుతూ అడిగాడు.

"బెల్లం తిని మాట తప్పినవ్. తండ పరువు ఏం గావాలె అక్కా?"

అత్త కొంగు ముడి విప్పింది. బెల్లంముక్క ఉంది, సగం కరిగి, చీమలు పట్టి.

"నేను తినలే. నన్ను అడగకుండ ఇచ్చిన బెల్లం నేనెట్ల తింట? మనకు పంచాయతీ ఇచ్చింది ఓటేసుకునేటందుకే గదా. ఓటే లేనప్పుడు ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?"

ఆ బెల్లాన్ని ఆమె జాగ్రత్తగా మళ్లీ ముడేసుకుని ఇంటికి నడిచింది. జనం మాత్రం, మాట పరంగా ఆమె తప్పేమీ లేదని, అయినా చేసింది తప్పేనని తేల్చారు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటి దాకా నామినేషన్ వెనక్కి తీసుకోవడానికి గడువు. అన్న పొద్దున్నే ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. వేలిముద్ర పడితే చాలు, మిగతాది తాను చూసుకుంటానన్నాడు. ఎన్నికల గుర్తు కోసమని చెప్పమన్నాడు. నువ్వు చెబితే నమ్ముతుంది, నీకు తప్ప ఇంకెవరికీ వేలిముద్ర వేయదు అన్నాడు. అది నిజమే, అందుకే నాకు సిగ్గేసింది. కానీ తండాకు రోడ్డు రావాలి, అన్నదమ్ముల మధ్య గొడవ రాకూడదు, ముసలామె నలుగురిలో నవ్వులపాలు కాకూడదు, ఇట్లా నాకు నేను చాలా మంచి కారణాలు చెప్పుకుంటూ మిరపచేను దాకా నడిచాను. గుర్తు కోసమన్న మాటను దారిలో రెండుసార్లు పైకి అని కూడా చూసుకున్నాను.

అత్త మిరపకాయలు ఏరుతోంది. ఘాటుకు నాకు తుమ్ములు మొదలయ్యాయి. కాగితం తీశాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని గట్టు మీద కూర్చుని, "చదువు" అంది. అంతే. గుర్తు కోసమన్న మాట ఎటు పోయిందో పోయింది. నోరు దానంతటదే చదవడం మొదలుపెట్టింది. నేను ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా నామినేషన్ ఉపసంహరించుకుంటున్నాను అని రాసి ఉంది.

"ఒత్తిడి అంటే ఏంది?"

ఎవరూ బలవంతం చేయలేదని అర్థమన్నాను.

"మరి నువ్వెందుకొచ్చినవ్?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతుంటే ఆమె నా చేయి పట్టుకుంది.

"ఇంకోటని చెప్పి ముద్ర ఏయించుకుంటే నాకేం తెలుస్తుండె? చదివినవ్. నిన్ను వాగు దాటిపిచ్చింది గిందుకే."

కళ్లలో నీళ్లొచ్చాయి. మిరపకాయల వల్ల అని ఆమె అనుకుని ఉంటుందా? అనుకుని ఉండదు. మూడు గంటలు దాటేదాకా ఇద్దరం కలిసి మిరపకాయలు ఏరాం. అన్న ఫోన్ చేస్తూనే ఉన్నాడు, నేను తీయలేదు. నా జీవితంలో నేను చేసిన ధైర్యమైన పని అదొక్కటే.

అక్కడితో ఈ కథ ఆపితే నాకు బాగుండేది. ఓటు రోజు ఉంది కదా. అప్పటికి నా ఓటు తండాలోనే ఉండేది. అత్తకు కత్తెర గుర్తు, నాయకుడి కోడలికి ఉంగరం. తండా బడిలో పోలింగు. అత్త ఉతికిన చీర కట్టుకుని, అందరికంటే ముందు వెళ్లి వరసలో నిలబడింది. అన్న బడి బయట నిలబడి నాతో నెమ్మదిగా అన్నాడు. "అత్తకు రెండోట్లొస్తయ్. తనది, ఆ పక్కింటామెది. మూడోది పడితే ఎవరిదో నాకు తెల్వదా?" నేను లోపలికి వెళ్లి బ్యాలెట్ కాగితం మీద కత్తెరను చాలాసేపు చూశాను. చూసి, ఉంగరం మీద ముద్ర వేసి బయటికి వచ్చాను.

మధ్యాహ్నం అక్కడే లెక్కపెట్టారు. ఉంగరమే గెలిచింది, అందులో ఎవరికీ అనుమానం లేదు. కత్తెరకు ఇరవై మూడు ఓట్లు వచ్చాయి. అన్న మొహం చూడాలి. మూడో ఓటు ఎవరిదో కనిపెట్టగలడు గానీ ఇరవై మూడు ఎవరివని కనిపెడతాడు? ఆ సాయంత్రం తండాలో ప్రతి మగవాడూ తన భార్య వంక కొత్తగా చూశాడు. మా వదినైతే అన్నం వడ్డిస్తూ, అడగని ప్రశ్నకు తాను కాదని ఒట్టేసి చెప్పింది. తమాషా ఏమిటంటే రోడ్డు కూడా వచ్చింది. ఏకగ్రీవమైతే వేస్తామన్న వాళ్లే, ఇరవై మూడు ఓట్లు ఎటువైపు పోతాయోనన్న భయంతో మరింత తొందరగా వేశారు.

అత్తను నేను పక్కకు పిలిచి, ఇరవై రెండు మంది నీకెట్లా వేశారని అడిగాను. ఆమె నవ్వింది.

"ఇరవై మూడు మంది. అండ్ల నా ఓటు లేదు. ఆ కోడలు పిల్లకే ఏసిన. చదువుకున్నది, నెమ్మదస్తురాలు. సర్పంచి పని నాకేం తెలుసు? ఎవరికెయ్యాల్నో నేనే చూసుకొని ఏసిన, నాకది చాలు."

మేమిద్దరం ఒకే గుర్తు మీద ముద్ర వేశాం. ఆమె వేసింది ఓటు. నేను వేసింది ఏమిటో ఆమెకు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

రెండేళ్ల తర్వాత అత్త పోయింది. ఈసారి మా తండాలో బెల్లం పంచే ఆలోచనే ఎవరూ చేయలేదట, నలుగురు ఆడవాళ్లు పోటీలో ఉన్నారు. ఆనాటి సంగతి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరే గొంతు సవరించుకుని, ఆ ఇరవై మూడులో తమదొకటి అంటారు. నేను విన్నవే అరవై దాటాయి. మా అన్న కూడా పోయిన వేసవిలో ఆ మాట అన్నాడు. నేనైతే అదే మాట మా మనవరాలికి ఎప్పుడో చెప్పేశాను. కాలానికి ఎంత దయో! ఆ రోజు భయపడ్డవాళ్లందరినీ ఇన్నేళ్ల తర్వాత పిలిచి, మళ్లీ ఓటు వేసుకోనిస్తోంది.