మగ్గం గుంతలో చట్టి

పెళ్లికి ముందునుంచీ మద్దయ్య కాళ్లు పగలంతా మగ్గం గుంతలోనే ఉంటాయి. పైన చేతులు నేస్తుంటే, కింద చీకట్లో దోమలు కాళ్లు పీక్కుతింటాయి. వేపాకు పొగ పెడితే తెల్లనూలుకు వాసన పట్టి, షావుకారు చీర వెనక్కి కొడతాడు. దోమల కాయిల్ వెలిగిద్దామంటే నూలు పక్కన నిప్పు. అందుకే ఓర్చుకోవడం అలవాటు చేసుకున్నాడు.

బద్వేలు దగ్గరి ఆ నేతపేటలో మొన్నటి వానలకు అతని భార్య సుబ్బక్కకు డెంగీ వచ్చింది. కడప ఆస్పత్రిలో గండం గడిచింది కానీ, ఇప్పటికీ గోడ పట్టుకునే లేస్తోంది. మరోసారి వస్తే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. ఇంటికి రాగానే మద్దయ్య నీళ్ల డ్రమ్ములకు పాత పంచెలు బిగించాడు. మంచానికి దోమతెర కట్టాడు. వీధిలో నిలబడి పక్కింటి ఉమామహేశ్‌ను తిట్టాడు.

"నీ మురుక్కాలవే నా పెండ్లాన్ని మంచాన పడేసిండాదప్పా!"

ఇల్లు చూడవచ్చిన ఆశా కార్యకర్త శివజ్యోతి డ్రమ్ములు చూసి బాగున్నాయంది. తర్వాత టార్చి గుంతలోకి కొట్టింది. పడుగు పోగుల కింద మట్టి చట్టి, దాని నిండా నీళ్లు, నీళ్లలో మెలికలు తిరుగుతున్న పురుగులు.

"ఏం చిన్నాయనా, దోమల్ని సాకుతాండావే!"

"తేమ ల్యాకపోతే ఈ గాలికి పోగులు నిలవవమ్మా. మా నాయన కాలంనుంచీ పెడతాండాం."

"వారానికోసారి పారబోసి, తోమి, ఎండబెట్టి మళ్లా పోసుకో. ఈ దోమలు పగలే కరుస్తాయి. చిన్నమ్మ నూలు కండెలు చుట్టేది ఈడేగదా?"

మద్దయ్య గుంతలోకి వంగాడు. చట్టి ఎత్తుకుపోయి ఎండలో బోర్లించాడు. ఉమామహేశ్ గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాడు. తిరిగి తిట్టినా బాగుండుననిపించింది మద్దయ్యకు.

మధ్యాహ్నం పొడిగాలికి పోగులు పుటుక్కుమనడం మొదలైంది.

"ఆ పాప తోమి పెట్టుకోమనె గదయ్యా," తెరలోంచి అంది సుబ్బక్క.

"పెట్టను."

"అయితే నేసినట్టే!"

ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి పడుగు పక్కన కూర్చుంది. తెగిన కొస అందుకుంది. అది జారిపోయింది. మళ్లీ అందుకుంది.

"పొయ్యి పండుకో, సుబ్బీ."

"పండుకుంటే కూడెవరు తెచ్చిపెడతారు?"

మద్దయ్య గుంతలోంచి లేచి, మంచానికున్న దోమతెర విప్పుకొచ్చి, ఆమె మీదుగా దూలానికి వేలాడదీశాడు.

"పోగు కనపడల్యా," అంటూ సుబ్బక్క తెర పైకెత్తి భుజం మీద వేసుకుంది.

అతను మళ్లీ గుంతలోకి దిగాడు. చట్టి లేకపోయినా దోమలు ఇంకా ఉన్నాయి. కాళ్లు కదిలితే పడుగూ కదులుతుందని, ఆమె ముడి వేసేదాకా అవి కుడుతున్నా కదపకుండా కూర్చున్నాడు.