ముందుకెళ్లాలా, ఆపెయ్యాలా

రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లన్నీ ఆవిడ చేతి కిందే ఉండేవి. బీరువాకీ, సొరుగులకీ, చివరికి కప్పుల అలమరకి కూడా తాళం వెయ్యనిదే కదలదు కాబట్టి అందరూ తాళాలక్కయ్య అనేవారు. పద్దెనిమిదేళ్లలో ఒక్క రోగి రిపోర్టూ తారుమారు కాలేదు. ఆ సంగతి పైకి చెప్పుకోదు గానీ, లోపల బాగా గర్వం.

ఆ సోమవారం పొద్దున, సర్వర్‌కి ఆదేశాలిచ్చే నల్ల విండో తెరవగానే ఎన్నడూ లేని ప్రశ్న ఎదురైంది: కొన్ని ఫోల్డర్లు సురక్షితంగా లేవు, పట్టించుకోకుండా ముందుకెళ్లాలా, ఆపెయ్యాలా? ఆవిడ ఆపెయ్యమంది. వెంటనే చూపు పక్క టేబుల్ మీదికి పోయింది. అక్కడ కూర్చునే కొత్తాయన చేరి మూడు వారాలే. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఇంత నెమ్మది ఎందుకా అని ఆవిడ మొదటినుంచీ ఓ కన్ను వేసే ఉంచింది.

ఆ రోజంతా ఆయన ఇటు వస్తే చాలు, ల్యాప్‌టాప్ మూత దించేసింది. పాస్‌వర్డులన్నీ మార్చింది. టీకి పిలిస్తే పనుందంది. పాత రిపోర్టులు నలభై తీసి అంకె అంకె సరిచూసింది. ఒక్క తేడా దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. ఇంటికెళ్లి ఇదంతా చెప్తే, దర్జీ పనిచేసే భర్త సూదిలో దారం ఎక్కిస్తూ విని, "అతనే అని నీకెవరు చెప్పారు?" అన్నాడు. ఆవిడ మొహం ముడుచుకుంది.

మర్నాడు పట్టుబట్టి కూర్చుంది. ఏ ఫోల్డర్లో చూపించమని యంత్రాన్నే అడిగింది. కొన్ని అన్నా, తను నడిపేవాటినే అది చూస్తుంది కాబట్టి, ఒక్కటే వచ్చింది. ఆదేశం సగం కొట్టి ట్యాబ్ మీట నొక్కితే మిగతా సగం పూరించే చిన్న ప్రోగ్రాములుండే ఫోల్డరది. ల్యాబులో ఎవరైనా దాన్లో రాసేలా అనుమతి తెరిచి ఉంది. వాళ్లేం రాసినా అది ఆవిడ పేరు మీద నడిచిపోతుంది. యంత్రం భయపడిందంటే భయపడదూ మరి!

తెరిచిందెవరు? పాత ఆదేశాల చిట్టా వెనక్కి తిప్పింది. శుక్రవారం, ఇంటికెళ్లే హడావిడిలో, తనే. కొత్తాయన కోసం ఒక్క ఫోల్డరు తెరవబోయి, ఒక మెట్టు పైనున్న పెద్ద ఫోల్డరునే తెరిచింది. దాని కిందివన్నీ బార్లా తెరుచుకున్నాయి.

అనుమతి వెనక్కి తీసుకుంది. విండో మళ్లీ తెరిస్తే ప్రశ్న రాలేదు. చెవులు మాత్రం వేడెక్కాయి. లేచి పక్క టేబుల్ దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పింది, తన అనుమానంతో సహా.

"తెలుసక్కయ్యా," అన్నాడాయన తలెత్తకుండానే. "నిన్న మూత దించినప్పుడే తెలిసింది. ఇంతకుముందు పనిచేసినచోటా ఇంతే. కాకపోతే అక్కడెవరూ వచ్చి చెప్పలేదు."

ఆ తర్వాత ఆయనే, ఆ ఆదేశం ఎక్కడ తప్పిందో చూపించమన్నాడు. కుర్చీ లాక్కుని చూపించింది. వారం దాకా ఆయన మాట పొడిపొడిగానే ఉండింది. ఆవిడా తొందరపెట్టలేదు.