నాయనమ్మ ఇంట్లో అనకూడని మాట

మొన్న మనవరాలి బడిలో పెద్దవాళ్లందరినీ కూర్చోబెట్టి, పిల్లల మనసు చూసే డాక్టరమ్మ ఒకామె మాట్లాడింది. పిల్ల తనను తాను గాయపరచుకుంటుంటే చనిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకునే దారి దొరుకుతుంది అంది. అందరూ తలలూపారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఎప్పుడో పోయిన మా నాయనమ్మ మీద.

అరవయ్యో దశకంలో బోధన్ దగ్గర మా ఇంట్లో ఆమెదే రాజ్యం. చెరుకు బండ్లు చక్కెర ఫ్యాక్టరీకి వరస కట్టే రోజుల్లో ఊరంతా చెరుకు మడ్డి వాసన కొట్టేది. ఏ కాలమైనా సరే, చావు అన్న మాట మాత్రం మా గడప లోపల పలకకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి, దీపం ఆరితే కొండెక్కిందనాలి. ఇది అందరిళ్లలో ఉన్నదే. మా ఇంట్లో ఎంతదాకా పోయిందంటే, ఆకలికి చస్తున్నా అన్నందుకు పెళ్లయిన మా చిన్నాన్న నెత్తిన మొట్టికాయ పడింది. అన్నం మానేసి అలిగితే, అలిగినందుకు ఇంకోటి పడింది. మేం పిల్లలం నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం.

పెద్దమ్మ కాన్పులో పోవడంతో ఆ నవ్వు ఆగిపోయింది. ఆమె కూతురు, నాకు అక్క, అప్పటికి తొమ్మిదేళ్లది. ఆ మాట ఎవరూ అనకూడదు కనుక, "మీ అవ్వ మోర్తాడ్ పోయింది, పుట్టింటికి" అని చెప్పారు. మా వైపు అవ్వంటే అమ్మే. అక్క రోజూ వాకిట్లో కూర్చుని తల్లి కోసం చూసింది. చివరికి బడిలో ఒక పిల్ల నిజం చెప్పేసింది. ఇంటికొచ్చి అడిగితే నాయనమ్మ చెంప పగలగొట్టింది. అప్పటినుంచి అక్క తన చేతులు తానే కొరుక్కోవడం, తల గోడకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు.

మా పెదబాపు, అంటే అక్క తండ్రి, మెత్తని మనిషి. ఎవరో చెబితే హైదరాబాద్ నుంచి అప్పుడప్పుడు నిజామాబాద్ ఆసుపత్రికి వచ్చే మనసు డాక్టరు దగ్గరికి అక్కను బయల్దేరదీశాడు. అక్క నా చెయ్యి వదలదు కనుక నేనూ పోయాను. నాయనమ్మ ఎవరినీ వదలదు కనుక ఆమే ముందు బస్సెక్కింది. డాక్టరు సాహెబు అందరినీ గుమ్మం దగ్గర ఆపి, కుర్చీ దిగి అక్క పక్కన చాప మీద కూర్చున్నాడు. చెక్క బొమ్మలిచ్చి ఇల్లు పెట్టమన్నాడు. అక్క అన్నిటినీ లోపల సర్ది, ఒక పిల్ల బొమ్మను బయట బోర్లా పడుకోబెట్టింది. ఆయన వంగి ఆ బొమ్మను చూశాడు. తర్వాత అడిగాడు, "బేటీ, నీకు సచ్చిపోవాలె అనిపిస్తదా?"

"అనిపిస్తది. మా అవ్వ తానికి పోత" అంది అక్క. అన్ని నెలల్లో మొదటిసారి ఏడ్చింది.

ఆయన పెదబాపును పిలిచి, "కొట్టొద్దు. ఒక్కదాన్ని ఇడిసిపెట్టొద్దు. తల్లి సంగతి ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. రోజూ అడుగుండ్రి, చెప్తే ఇనుండ్రి. మళ్ల తోలుకరాండ్రి" అన్నాడు. తిరుగు బస్సులో అక్క నా భుజం మీద హాయిగా నిద్రపోయింది.

"గా డాక్టరు పిల్ల నోట్లె సావు పెట్టిండు" అంది నాయనమ్మ. ఇంటికి రాగానే పసుపు కొమ్ము నిప్పుల్లో కాల్చింది. అనరాని మాట అన్న నాలుకకు వాత పెడితే ఆ మాట వెనక్కి పోతుందని ఆమె నమ్మకం. అక్క చేతులు కదలకుండా పట్టుకున్నది పెదబాపే. మెత్తని మనిషి అన్నాను కదా.

"మల్ల అంటవా?" అని అడిగింది నాయనమ్మ. అక్క తల అడ్డంగా ఊపింది. మళ్లీ అనలేదు. మా అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని బతిమాలినా నోరు తెరవలేదు. "సూసిండ్రా, నయమైంది" అని నాయనమ్మ వాడంతా చెప్పుకుంది. నిజామాబాద్ మళ్లీ ఎవరూ పోలేదు.

చెరుకు నరుకుడు ముగిసేలోగా అక్క తన ప్రాణం తానే తీసుకుంది. ఎలాగో నేను రాయను. జ్వరమని ఊరికి చెప్పారు. నాయనమ్మ చివరిదాకా ఆ జ్వరాన్నే చెప్పింది, పెదబాపూ అదే చెప్పాడు. ఆ రోజు డాక్టరు ఒక్క మాట అడిగితే అక్క జవాబిచ్చింది. ఆ మాటను బతకనిచ్చి ఉంటే అక్క బతికేదని నేనిప్పటికీ నమ్ముతాను. ఇప్పుడు నిలదీద్దామంటే ఎవరున్నారు? కాలం మా ఇంట్లో ఏ గాయాన్నీ మాన్పలేదు. జవాబు చెప్పవలసిన వాళ్లను మాత్రం, నిండా ముసలివాళ్లయ్యాక, నిద్రలోనే తీసుకుపోయింది.