పదిహేడో నంబరు చింతపిక్క

ముందే ఒప్పేసుకుంటాను, తరవాత మీరు పట్టుకుంటే నాకు చిన్నతనంగా ఉంటుంది. నేను చెప్పేవాటిలో కొంత పెరుగుదల ఉంటుంది. నాకు జ్వరమొచ్చిందంటే మా ఆవిడ థర్మామీటరు చూసి, అందులోంచి కూడా ఒక డిగ్రీ తీసేసి మాత్ర ఇస్తుంది. అయితే ఒక్క విషయంలో మాత్రం పెంచడానికి నాకే చోటు దొరకలేదు: ఆ రోజుల్లో మాకుండే భయం. ఇప్పటి పిల్లలకి ర్యాంకులంటే భయం, ఇంటర్వ్యూలంటే భయం, ఫోనులో చార్జింగు అయిపోతుందని భయం. తొంభైల్లో చోడవరంలో పదో తరగతి చదివిన మాకు ఇన్ని రకాలు దొరికేవి కావు. ఉన్నది ఒక్కటే భయం. అది ఒక డబ్బాలో ఉండేది.

ఆ డబ్బా మా లెక్కల మాస్టారిది. సొట్టమూత పాలపిండి డబ్బా. లోపల నలభై రెండు చింతపిక్కలు. ఒక్కో పిక్కనీ ఒక పక్క బండమీద తెల్లగా అరగదీసి, ఆ తెలుపు మీద సిరాతో మా హాజరు నంబర్లు వేసేరాయన. క్లాసులోకి రాగానే డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవారు. (ఆ గలగలకి మైళ్ళ దూరంలో రోలుగుంట ఊళ్ళో గేదెలు పాలు ఎగబెట్టేసేవని చెప్పుకునేవారు. చెప్పుకున్నది నేనే.) కళ్ళు మూసుకుని ఒక పిక్క తీసి నంబరు చదివితే, ఆ నంబరువాడు బోర్డు దగ్గరికెళ్ళి ముందురోజు ఇచ్చిన లెక్క చెయ్యాలి. వాడు బడికి రాకపోతే ఇంకో పిక్క. తీసిన పిక్కలన్నీ మళ్ళీ డబ్బాలోకే. "అందరికీ రోజూ సమానంగా అవకాశం ఉండాలి గదా" అనేవారు, భోజనాల బంతిలో అందరికీ బూరెలు అందేయా లేదా అని కనుక్కుంటున్నట్టు. సాయంత్రం ఆ డబ్బాని క్లాసు కిటికీలోనే వదిలేసి వెళ్ళిపోయేవారు. చింతపిక్కలెవడు దొంగిలిస్తాడని ఆయన ధీమా.

కొట్టే మాస్టారైతే బతికిపోయేవాళ్ళం. ఈయన కొట్టరు, ఇంటికొస్తారు. కనుబొమలు ఎంత గుబురంటే వానొస్తే వాటికింద ఇద్దరు నిలబడొచ్చు. అలాంటి మనిషి సైకిలు స్టాండు వేసి, మన వీధరుగు మీద కూచుని, టీ తాగి, చెరుకు రేటు గురించి తీరుబడిగా మాట్లాడి, గ్లాసు కింద పెట్టేముందు మెత్తగా ఒక్క మాట అంటారు. "మీవాడికి లెక్కల్లో ఏమీ రాదండి." అంతే, వెళ్ళిపోతారు. మిగతాది ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు.

మా ఇంట్లోవాళ్ళు చూసుకోడానికి ఒక ఏర్పాటు తయారుగా ఉంది. మాడుగులలో మా మావయ్యకి హల్వా కొట్టు. ఆయనకి పిల్లల్లేరు. వచ్చినప్పుడల్లా నన్ను కిందకీ మీదకీ చూసి, "గుంటణ్ణి నాకిచ్చీ బావా, కలపడం నేర్పించీసుకుంటాను" అనేవాడు. మా నాన్న చెరుకు రైతు. చదువు మీద గౌరవం ఉంది గాని నామీద నమ్మకం లేదు. "లెక్కల్లో రాదని తేలనీ, మర్నాడే బస్సెక్కించీస్తాను" అన్నాడు. మీకు నవ్వొస్తోంది, ఎందుకంటే మీరు హల్వా తిన్నారు. కలిపేవాణ్ణి అడగండి. కట్టెల పొయ్యి, మనిషి మునిగిపోయేంత మూకుడు, నాకన్న పొడుగు తెడ్డు. సెలవల్లో ఒకసారి మధ్యాహ్నం దాకా కలిపితే సాయంత్రం అన్నం ముద్ద నోటికి బదులు చెవి దగ్గరికెళ్ళింది. జన్మంతా అదే పనంటే నాకు ఒళ్ళు చల్లబడిపోయేది.

అర్ధసంవత్సరం పరీక్షలు దగ్గరపడ్డ ఒక సోమవారం పిక్క వచ్చింది. పదిహేడు. నేనే. అంకశ్రేఢిలో లెక్క. శ్రేఢి ఎటు ఎక్కుతోందో, ఎటు దిగుతోందో నాకు తెలియలేదు. సుద్దముక్క పట్టుకుని బోర్డుకేసి చూస్తూ నించుంటే, మాస్టారు "ఊఁ, కూచో" అన్నారు. చెమటలు కక్కుకుంటూ కూచున్నాను గాని లోపల ఓ పక్క హాయిగా ఉంది. నా బెంచీవాడు బెల్లం (జేబులో ఎప్పుడూ బెల్లం ముక్క పెట్టుకుంటాడు గనక మేం పెట్టిన పేరు) భుజం తట్టేడు. "నీ గండం గడిసిపోయిందిరా. ఇంక మిగిలినోళ్ళందరివీ అయ్యేదాకా నీది రాదు." క్లాసంతా నమ్మే సిద్ధాంతమే అది. ఒకసారి వచ్చిన పిక్క అలిసిపోయి అడుక్కి చేరిపోతుందని. ఆ సాయంత్రం నేను పుస్తకం ముట్టుకుంటే ఒట్టు.

మంగళవారం. "ముప్పై ఒకటి" అన్నారు మాస్టారు. ఆ అమ్మాయివాళ్ళు తండ్రి ఉద్యోగానికి వైజాగు వెళ్ళిపోయేరు, హాజరుపట్టీలో పేరింకా కొట్టెయ్యలేదు. తరవాత "తొమ్మిది." వాడికి కామెర్లు, అమ్మమ్మగారింట్లో పథ్యం తింటున్నాడు. మూడో పిక్క తీసేరు.

"పదిహేడు."

నేను లేవలేదు. పొరపాటుగా చదివేరేమో, సర్దుకుంటారని చూసేను. ఆయన పిక్క తిప్పి చూపించేరు. బోర్డు దగ్గర మళ్ళీ అదే నేను, అదే సుద్దముక్క. "రెండోసారి. ఇంకోసారి పిక్క వచ్చి లెక్క రాకపోతే మీ నాన్నగారితో మాటాడాలి మరి" అన్నారు మెత్తగా. నాకు మూకుడు కళ్ళ ముందు గిర్రున తిరిగింది.

ఇంటికెళ్ళి మా పెదనాన్నగారి అమ్మాయి, నాకు అక్క, ఆవిడ దగ్గర పడ్డాను. పక్కవాటాలోనే ఉండేది. ఇంటరు రెండో ఏడు, ఎంపీసీ. ఆ నెల్లో వాళ్ళకి సంభావ్యత అనే పాఠం నడుస్తోంది. "రెండుసార్లు వచ్చీసింది గదే అక్కా, ఇంక రేపు రాదు గదా" అన్నాను.

"ఎందుకు రాదు? నిన్న వచ్చినట్టు పిక్కకి గుర్తుంటాదేటిరా?"

నా జీవితంలో అంత భయంకరమైన మాట అంతకుముందు వినలేదు. పిక్కకి గుర్తుండదు. తీసినది మళ్ళీ డబ్బాలో వేసేస్తే ప్రతి రోజూ కొత్త రోజే, నలభై రెండింట్లో ఒక వంతు నాది, ఎన్నిసార్లు వచ్చినా మర్నాడు మళ్ళీ అదే వంతు. అంటే నాకు సెలవన్నదే లేదు. "అయితే ఏటి సెయ్యమంటావే" అంటే, "లెక్క నేర్చుకో" అంది. (ఇంతమందిని సలహా అడిగేను గాని ఇంత నిర్దయగా ఎవరూ చెప్పలేదు.) కూచోబెట్టి అంకశ్రేఢి మొదలెట్టింది. ఏడుస్తూ నేర్చుకున్నాను.

బుధవారం. ముప్పై ఒకటి, "వైజాగు ఎల్పోయింది సార్." తొమ్మిది, "కామెర్లు సార్." పదిహేడు. కాళ్ళు నావి కావు, ఎవరో అద్దెకిచ్చినవి. సగం లెక్క చేసేసరికి సుద్దముక్క చేతిలో పొడైపోయింది, గంట కొట్టేసేరు. "సగం వచ్చింది. మిగిలింది రేపు, పిక్క వస్తే" అన్నారు మాస్టారు. గలగల పలచబడిందనిపించిందో ఏమో, ఆయనకి కూడా కొంచెం వింతగానే ఉన్నట్టుంది, డబ్బాలోకి చూడబోయి మానేసేరు.

మా అమ్మ ఈ సంగతి విని, ఒకటీ ఏడూ కలిపితే ఎనిమిది, అది శనిదని తేల్చి, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. వీధంతా దగ్గింది. అక్క కూడా దగ్గుతూనే వచ్చి కాగితం మీద లెక్క కట్టింది. ఒక రోజుకి నలభై రెండింట్లో ఒకటి. మూడు రోజులూ వరసగా నేనే రావాలంటే నలభై రెండుని నలభై రెండుతో గుణించి, దాన్ని మళ్ళీ నలభై రెండుతో. డెబ్భై వేలు దాటిపోయింది.

"డెబ్భై వేలల్లో ఒక్కసారి జరిగేది చోడవరంలో నీకే జరిగిందంటావా? మధ్యలో ఇంకెవరి నంబర్లు వచ్చేయి?"

"తొమ్మిది, ముప్పై ఒకటి. ఆళ్ళు రాటం లేదు."

"నిన్నా?"

"నిన్నా అవే."

అక్క పెన్ను కింద పెట్టింది. "ఒరే, నీ జాతకం బాగానే ఉంది. డబ్బాయే బాగోలేదు. అందులో నలభై రెండు లేవు. ఆ ఇద్దరూ రారు గనక, ఇప్పుడు నీ సంభావ్యత ఒకటి."

"ఒకటంటే తక్కువే గదే."

"ఒకటంటే తప్పదని. కచ్చిత ఘటన అంటారు."

నేను ఘటననైపోయేను. అక్క నాచేత ఒక వాక్యం పదేపదే చెప్పించి వల్లె వేయించింది: సార్, ఒక్కసారి డబ్బా బోర్లిస్తారా. ఇప్పుడు నాకు రెండు భయాలు. అడక్కపోతే రోజూ నేనే, ఏదో ఒక రోజు తెడ్డు ఖాయం. అడిగితే, పిక్కలు తీసేసినవాళ్ళెవరో వాళ్ళు నన్ను చెరుకుతోటలోకి తీసుకెళ్ళి పిప్పి చేసేస్తారు.

గురువారం ముప్పై ఒకటీ తొమ్మిదీ అయ్యేక పదిహేడు వచ్చింది. బోర్డు దగ్గరికి వెళ్ళేను. మాస్టారికేసి తిరిగి, గొంతు సవరించుకుని, గదంతా వినబడేట్టు అడిగేను. "సార్, ఒక్కసారి డబ్బా బోర్లిస్తారా." పైన తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. (కరెంటు పోయింది, కాని అప్పుడే పోవడం చూడండి.) డబ్బా బల్లమీద బోర్లపడింది. మూడు పిక్కలు. తొమ్మిది, పదిహేడు, ముప్పై ఒకటి.

మాస్టారి కనుబొమలు కలుసుకున్నాయి. ముందుగా బెల్లం గాడు లేచేడు. "నేనొక్కణ్ణే తీసేననుకున్నాను సార్. ఒక్క పిక్క లేకపోతే ఏటైపోద్దిలే అని." వాడి వెనకవాడు లేచి, "నేనూ నేనొక్కణ్ణే అనుకున్నాను సార్" అన్నాడు. వరసగా లేస్తూనే ఉన్నారు, అందరిదీ ఒకటే మాట. ఎవరి పిక్క వాళ్ళు గుట్టుగా తీసేసుకున్నారు, పక్క బెంచీకి కూడా తెలియకుండా. ఆఖరికి క్లాసు ఫస్టొచ్చే అమ్మాయి లేచి ఏడుపందుకుంది. "నాకు లెక్కలన్నీ వచ్చు సార్. అయినా భయవేసీసింది సార్."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఆ మూడు పిక్కల్నీ వరసలో పెట్టి, నావైపు తిరిగేరు. "మరి నీ పిక్క నువ్వెందుకు తియ్యలేదురా?"

"భయవేసింది సార్."

"దేనికి?"

"మీకే సార్."

ఆయన మూడు పిక్కల్నీ డబ్బాలో వేసి మూత పెట్టేసేరు. "లెక్క చెయ్యి" అన్నారు. చేసేను, చివరి గీత దాకా. అయినా ఆయన, "సాయంత్రం మీ ఇంటికొస్తన్నాను" అన్నారు.

ఆ సాయంత్రం సైకిలు స్టాండు చప్పుడు వినేసరికి నేను గాదె వెనకాల ఉన్నాను. ఖర్మకొద్దీ మాడుగుల మావయ్య కూడా అప్పుడే దిగేడు. టీ అయింది. చెరుకు రేటయింది. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

"తెగేసి సెప్పండి మాస్టారూ, మావోడు లెక్కల్లో పనికొస్తాడా లేదా. ఇదిగో, మా బావమరిది అట్టుకెళ్ళిపోతానంటన్నాడు" అన్నాడు నాన్న.

"సోమవారం ఏమీ రాలేదు. మంగళవారమూ రాలేదు. నిన్న సగం వచ్చింది. ఇవాళ మొత్తం చేసేడు" అన్నారు మాస్టారు, గ్లాసులోకి చూస్తూ. "భయపడుతూనే చేసేడు. తప్పు నాదీ ఉందండి. పిల్లలు లెక్క నేర్చుకుంటారని డబ్బా పెట్టేను, డబ్బాని ఖాళీ చెయ్యడం నేర్చుకున్నారు. మీవాణ్ణి మాత్రం ఉంచండి."

మావయ్య తెచ్చిన హల్వా పొట్లం మళ్ళీ సంచీలో పెట్టేసుకోబోయి, మాస్టారుండగా బాగోదని విప్పేడు. నాన్న ఒక ముక్క నాకివ్వమన్నాడు. గాదె వెనకాల కూచుని తిన్నాను. నెయ్యి చొక్కా నిండా అయింది. మర్నాటినించి డబ్బా లేదు. రోజుకో బెంచీ వరసగా బోర్డు దగ్గరికెళ్ళేవాళ్ళం.

పెంచిందంతా మీరే తగ్గించుకుని చదివి ఉంటారు, దానికి నా సాయం అక్కర్లేదు. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే, అది చెప్పేస్తాను. ఆ గురువారం నేనేమీ అడగలేదు. అక్క వల్లె వేయించిన వాక్యం గొంతు దాకా వచ్చి అక్కడే కూచుంది. మాస్టారు సుద్దముక్క వెతుక్కుంటూ డబ్బా ఒక్క క్షణం పట్టుకోమని నా చేతికిచ్చేరు, నా చేతులు వణికిన వణుకుడికి అది జారి బోర్లపడింది. ఆ వాక్యాన్ని తరవాత పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, పిల్లలకి అన్నం తినిపిస్తూ, ఇన్నేళ్ళుగా చెప్తూనే ఉన్నాను. ఈమధ్యే కాస్త గొంతు వణకకుండా వస్తోంది.