మా వీరుడిది ఎడమ చెయ్యి

మొన్నామధ్య మా మనవరాలు ఆఫీసు నుంచి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చి, దాని ముందు వైపు అద్దంలా ఉన్న ప్లాస్టిక్ రేకులోంచి లోపలి బొమ్మను చూపించినప్పటి నుంచి నాకు కుదురు లేదు. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు, వరండాలోకి పోయి ఖిదిర్‌పూర్ వైపు వెళ్ళే బస్సులను కాసేపు చూసి మళ్ళీ లోపలికి వచ్చి ఆ పెట్టె ముందే నిలబడతాను. జానెడు బొమ్మ. వీపు మీద నీలం గుడ్డ, ముఖానికి ఎర్ర ముసుగు, పైకెత్తిన ఒక చేతికి మోచేతి దాకా బంగారు రంగు. ఈ వీరుడు ఉన్న ఎప్పటిదో పాత సినిమాను శుభ్రం చేసి మళ్ళీ హాళ్ళలో వేస్తున్నారట, దానితో పాటు ఈ బొమ్మలూ, ఆ ముసుగు అచ్చేసిన కప్పులూ, బనియన్లూ అమ్ముతున్నారట. మనవరాలికి ఇలాంటివి పోగేసే పిచ్చి ఉంది, ఒక అలమర నిండా పెట్టెలు పెట్టెలుగానే నిలబెట్టి ఉంచుతుంది. నేను మూత తీయబోతే, "తెరవకు దిదా, తెరిస్తే ఇంక దానికి విలువుండదు" అంది. చుట్టుపక్కల బెంగాలీ పిల్లల్లాగే అదీ అమ్మమ్మను దిదా అనే పిలుస్తుంది.

బొమ్మ చాలా అందంగా ఉంది, కాదనను. కానీ ఆ బంగారు చెయ్యి కుడి చెయ్యి. నన్ను కూర్చోనివ్వనిది అదే.

మీలో నా వయసు వాళ్ళకు, అందులోనూ రేవుల పక్కనో జూటు మిల్లుల పక్కనో పెరిగిన వాళ్ళకు, మైదానంలో రెండు వాసాల మధ్య తెల్ల గుడ్డ కట్టి సినిమా వేయడం గుర్తుండే ఉంటుంది. వాట్‌గంజ్‌లో మా రేవు కూలీల వీధుల్లో దసరా పూజ రోజుల్లో మూడు సాయంత్రాలు వరసగా వేసేవారు. తెర ముందు చోటంతా మగవాళ్ళది. వాళ్ళు పని నుంచి వచ్చి, స్నానాలు చేసి, బీడీలు ముట్టించుకుని కూర్చున్నాక ఇంక కాలు పెట్టడానికి సందు ఉండేది కాదు గనుక, ఆడవాళ్ళమూ పిల్లలమూ చాపలు పట్టుకుని తెర వెనక్కి పోయేవాళ్ళం. అది ఎవరో పెట్టిన నియమం కాదు, మా అమ్మల కాలం నుంచీ అలాగే జరుగుతూ వచ్చింది. అటు గాలి బాగా వచ్చేది, బీడీ పొగ ఉండేది కాదు, గుడ్డ పలచన కాబట్టి బొమ్మ ముందు కనిపించినంత బాగానే వెనకా కనిపించేది. మొదట్లో పేర్లు పడేటప్పుడు అక్షరాలు తిరగబడి వచ్చేవని ఇప్పుడు అర్థమవుతోంది గానీ, తెర వెనక కూర్చున్న వాళ్ళలో చదువు వచ్చిన మనిషి ఒక్కరూ లేకపోబట్టి, అక్షరాలు ఎటు తిరిగి ఉన్నా మాకు ఒకటే.

ఆ సినిమా వచ్చిన ఏడు నాకు పదహారేళ్ళు. అందులో హీరో పగలంతా ఓడల మూటలు మోసే కూలీ. ఒక రోజు క్రేను మీద పిడుగు పడితే, దాన్ని పట్టుకుని ఉన్న వాడి చెయ్యి బంగారంలా మారిపోయి, ఆ చెయ్యి ఎత్తాడంటే గాలిలోకి లేచిపోతాడు. మునిగిపోతున్న ఓడను ఆ ఒక్క చేత్తో ఎత్తి ఒడ్డున పెట్టినప్పుడు మా నాన్నల వంటి వాళ్ళంతా లేచి నిలబడి అరిచారు. సినిమా అసలు పేరు మాకు పట్టలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా వాళ్ళందరికీ వాడు మెరుపు చెయ్యోడు. మూడు సాయంత్రాలూ చూశాను, నాలుగో రోజు తెర విప్పేస్తుంటే ఏడ్చాను. ఆ చలికాలమంతా మా వీధి పిల్లలు పాత లంగా గుడ్డలు మెడకు కట్టుకుని, చాక్లెట్ల మీది బంగారు కాగితం చేతికి చుట్టుకుని గోడల మీంచి దూకారు. కాగితం అందరూ ఎడమ చేతికే చుట్టుకున్నారు.

అప్పటికి మా నాన్న కాలు విరిగి ఇంట్లో ఉన్నాడు. రేవులో కొక్కెం జారి తగిలింది. ఆ దెబ్బతో నన్ను పనికి పంపాల్సి వచ్చింది. మా మేనత్త, అంటే నాన్న అక్క, ఒక ప్లాస్టిక్ బొమ్మల కార్ఖానాలో రంగులు వేసే ఆడవాళ్ళకు పెద్దగా ఉండేది. రేకుల షెడ్డు, ఒక వరసలో పది పన్నెండు మందిమి పీటల మీద కూర్చునేవాళ్ళం. ఒకామె కళ్ళు దిద్దితే పక్కనామె ముసుగు వేస్తుంది, ఆ పక్కనామె బూట్లు, అలా బొమ్మ చేతులు మారుతూ వరస చివరికి వచ్చేసరికి మనిషి తయారవుతాడు. యజమానిని అందరం బెంగాలీ వాళ్ళు అన్నను పిలిచినట్టు దాదా అనేవాళ్ళం. మంచి మనిషే. అయితే రాసిచ్చిన కాగితం ఉంటే తప్ప ఏ పనీ మొదలుపెట్టనిచ్చేవాడు కాదు, ఆ కాగితం ఎవరో ఒకరు చదవాలి. అత్తకు చదువు రాదు. అందుకే నన్ను పెట్టుకోమని అడిగినప్పుడు, మా మేనకోడలు కార్పొరేషన్ బడిలో బెంగాలీ చదువుకున్న పిల్ల అని గట్టిగా చెప్పింది.

అత్త అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా అనుకుంది. నన్ను బడిలో వేసిన మాట వాస్తవం. అయితే నెల తిరక్కుండా తమ్ముడు పుట్టడం, అమ్మకు జబ్బు చేయడం, వాణ్ణి నా చంకకు ఎక్కించడం జరిగాక నేను పలక మళ్ళీ పట్టలేదు. అప్పట్లో దూరంగా బజ్‌బజ్‌లో ఉండే అత్తకు ఆ సంగతి తెలియదు. తరవాతైనా చెప్పి ఉండవచ్చు. ఆమె నన్ను చూసి మురిసిపోతుంటే చెప్పలేకపోయాను, ఆ మురిపెం నాకూ బాగుండేది.

మెరుపు చెయ్యోడి బొమ్మలు చేయాలని బడాబజార్ వ్యాపారి నుంచి పని వచ్చిన రోజు నా సంతోషం ఏమని చెప్పను. తలకు గుండు సూది గుచ్చి, దానికి దారం కట్టి సైకిళ్ళకు వేలాడదీసుకునే రకం, వేలెడంత మనిషి, రెండు చేతులూ ఒక్కలాగే పైకెత్తి అచ్చయి వచ్చాడు. ఏ చేతికి బంగారం వేయాలో ఆ మనిషిని చూస్తే తెలియదు. దాదా వాళ్ళ ఊళ్ళో ఎవరికో బాగాలేదని వెళుతూ, రంగుల వివరం ఒక కాగితం మీద రాసి అత్త చేతిలో పెట్టి పోయాడు. అత్త దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వరసంతా కుంచెలు ఆపి నా వైపు చూసింది.

నేను కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని, మా బళ్ళో పిల్లలు చేసేవాళ్ళని గుర్తున్నట్టుగా తల ఎడమ నుంచి కుడికి తిప్పుతూ, గుడ్డ నీలం అన్నాను, ముసుగు ఎరుపు అన్నాను. అవన్నీ మూడు సాయంత్రాలు కళ్ళారా చూసినవే.

"బంగారం ఏ సెయ్యికని రాసున్నాదే?" అని అడిగింది అత్త.

"ఎడం సెయ్యత్తా" అన్నాను.

అంతా తలలు ఊపారు. వాళ్ళూ తెర వెనక చూసిన వాళ్ళే కదా. బంగారు రంగు వేసే పని నాకే ఇమ్మని అడిగి తీసుకున్నాను. ఒక్కొక్క చేతినీ ముంచకుండా, కారకుండా, గోళ్ళ దాకా దిద్దాను. అంత ఇష్టంగా నేను ఆ తరవాత ఏ పనీ చేయలేదు.

దాదా తిరిగి వచ్చేసరికి తొమ్మిది గంపల సరుకు వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా తొమ్మిది గంపలూ వెనక్కి వచ్చాయి. వాటి మీద మడిచి పెట్టిన సినిమా పోస్టరు ఒకటి. దాదా దాన్ని గోడకు ఆనించి విప్పాడు. కుడి చెయ్యి బంగారు రంగులో మెరిసిపోతోంది. పోస్టరే తప్పేమో అని నేను నిజంగా అనుకున్నాను. దాదా అరవలేదు. ఒక పీట లాక్కుని కూర్చుని, కాగితం చదివింది ఎవరని మెల్లగా అడిగాడు. ఇంట్లో నాన్న కాలు, తమ్ముడు, పొయ్యి మీద కుండ అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నేను నోరు తెరిచే లోపల అత్త లేచి తన ముక్కల బెంగాలీలో చెప్పేసింది. ఆ పిల్ల చదవలేదని, కాగితం తన నడుము సంచిలోనే ఉండి ఎక్కడో పడిపోయిందని, సినిమా చూసిన ధైర్యంతో తానే ఎడమ చెయ్యని చెప్పానని. తప్పు తనదే అంది.

దాదా ఆమెను పొమ్మనలేదు, పెద్దరికం మాత్రం తీసేసి వరసలో అందరితో కూర్చోమన్నాడు. అత్త ఆ మధ్యాహ్నమే కొంగు దులుపుకుని పని మానేసి వెళ్ళిపోయింది. తరవాత లిలువాలో వాళ్ళ అబ్బాయి దగ్గరికి చేరి, రైల్వే బడిలో గదులు ఊడ్చే పని చూసుకుంది. చదువుకున్న పిల్లనని ఆమె చోట దాదా నన్ను పెట్టాడు. నేను ఆరేళ్ళు అక్కడ పని చేశాను. కొత్త కాగితం వచ్చినప్పుడల్లా కడుపులో తిప్పుతోందని బయటికి పోయి, వీధి చివర దర్జీతో చదివించుకుని, ఒక్క ముక్క మరవకుండా గొణుక్కుంటూ పరుగెత్తుకు వచ్చేదాన్ని. తిరిగి వచ్చిన ఆ గంపల్ని ఏం చేయాలో తెలియక దాదా మా రేవు వీధుల్లోనే అమ్మించాడు. పిల్లలు ఎగబడి కొనుక్కున్నారు. వాళ్ళ మెరుపు చెయ్యోడు అచ్చం అలాగే ఉండేవాడు. తెర ముందు కూర్చునే వాళ్ళ కొడుకులకూ వెనక కూర్చునే వాళ్ళ కొడుకులకూ దీని మీద కొట్లాటలు కూడా జరిగాయి.

మరుసటి ఏడు పూజకు అదే సినిమా మళ్ళీ వేశారు. నేను చాప మీంచి లేచి, మగవాళ్ళ కాళ్ళు దాటుకుంటూ తెర ముందుకు వెళ్ళాను. బంగారం కుడి చేతికి ఉంది. వెనక్కి వచ్చాను, ఎడమ చేతికి ఉంది. అలా ఎన్నిసార్లు తిరిగానో, ఎవరో విసుగెత్తి కొంగు పట్టుకుని కూర్చోబెట్టారు.

ఈ సంగతి అత్తకు చెప్పాలని పెళ్ళిళ్ళలో, చావుల్లో, చర్చిలో, కలిసిన ప్రతిసారీ అనుకున్నాను. యాభై ఎనిమిదో ఏట మా పాస్టరమ్మ గారు ఆరాధన అయ్యాక వరండాలో కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించినప్పుడు, మొదటి పాఠం వచ్చిన రోజే లిలువా వెళ్ళాలనుకున్నాను. వెళ్ళలేదు. అత్తకు ఇప్పుడు తొంభై దగ్గరపడ్డాయి, చూపు మసక. బొమ్మ ఇంట్లోకి వచ్చాక పది రోజులు తిరిగి తిరిగి, చివరికి మనవరాలిని వెంటబెట్టుకుని, ఆ పెట్టె సంచిలో వేసుకుని హౌరాలో లోకల్ ఎక్కాను.

అత్త మంచం మీదే ఉంది. ఇది ఏమిటో చెప్పేలోపే పెట్టె లాక్కుని అట్టా రేకూ చింపి బొమ్మ బయటికి తీసింది. మనవరాలు వంగి చిరిగిన అట్ట ముక్కలు ఏరుకుంది. అత్త దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని కళ్ళకు ఆనించుకుని చూసింది.

"ఇదేటి, తిరగేసి ఏసినారు? ఆడిది ఎడం సెయ్యి కాదేటి?"

కాదు, కుడి చెయ్యే, సినిమాలోనూ అంతేనని మనవరాలు చెప్పింది. దాంతో అత్త పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని కార్ఖానా కథంతా చెప్పడం మొదలుపెట్టింది. లిలువాలో ఈ కథ వినని ఇల్లు లేదని ఆమె మాటల్లో అప్పుడే నాకు తెలిసింది. "మీ అమ్మమ్మ కాయితం మీద ఉన్నది ఉన్నట్టు సదివింది. తప్పంటే రాసినోడిదే తప్పు. యజమానిది తప్పంటే పదిమంది కూడూ పోద్దని నా మీదేసుకున్నాను. అంత సదువుకున్న పిల్ల తప్పు సదువుద్దేటి?"

అప్పుడు చెప్పాను. "అత్తా, ఆ కాయితం నాను సదవలేదు. నాకప్పుడు ఒక్క అచ్చరం రాదు. సినిమాలో సూసింది సెప్పినాను."

అత్త బొమ్మ చేతిని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది.

"అయితే ఆ కాయితంలో ఏ సెయ్యని రాసున్నాదో నీకు తెల్దన్నమాట."

"తెల్దు."

"మరింకేటి. ఎడం అనే రాసుండొచ్చు."

అని బొమ్మను దిండు కింద పెట్టేసుకుని, టీ పెట్టమని కేకేసింది. తిడితే తేలికపడేదాన్ని, పోనీలే అన్నా తేలికపడేదాన్ని. ఆమె రెండూ చేయలేదు. నేను చదివానన్న నమ్మకాన్ని పోగొట్టుకున్నా, తాను చూసిన సినిమాను మాత్రం వదులుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మనవరాలు తన ఫోనులో ఆ ఓడ ఎత్తే ఘట్టం నాకు చూపించింది. ఆ రైలు పెట్టెలో ఉన్న వాళ్ళంతా, చుట్టూ కూర్చున్న ప్రతివాళ్ళూ, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు. అందరికీ కుడి చెయ్యి కుడి చెయ్యిలాగే కనబడుతుంది, ఎవరికీ ఎవరితో కొట్లాట లేదు. నేను ఆ ఫోనును తిప్పి వెనక వైపు చూశాను. నల్లగా, నున్నగా ఉంది, అక్కడ కూర్చోవడానికి చోటు లేదు.